పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయింది... అసలు ప్రమాదం అక్కడే మొదలైంది

  ఈ ఎపిసోడ్ కాస్త పర్సనల్‌గా ఉంటుంది. రికార్డ్ చెయ్యాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. నాన్నని అడిగితే "చెప్పరా, ఎవరికైనా పనికొస్తుందేమో" అన్నారు. అందుకే చెప్తున్నాను.

మీకెప్పుడైనా రాత్రి రెండు గంటలకి పన్ను నొప్పి వచ్చిందా? వచ్చినవాళ్లకి నేను వివరించక్కర్లేదు. దవడ, చెవి, తల, అన్నీ కలిసి ఒకటే నొప్పి. మూడేళ్ల క్రితం నేను హైదరాబాద్‌లో, గచ్చిబౌలి దగ్గర ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నైట్ షిఫ్టు, టేబుల్ మీద ఎప్పుడూ ఒక కూల్ డ్రింకు. తెల్లారుజామున వచ్చి బ్రష్ కూడా చెయ్యకుండా పడుకోవడం. కింద కుడివైపు దవడ పన్నులో చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. పట్టించుకోలేదు, ఎడమవైపు నమలడం అలవాటు చేసుకున్నాను. చూడండి, సమస్య తీసేసే బదులు సమస్య చుట్టూ తిరిగి వెళ్లడానికి ఒక రోడ్డు వేసుకున్నాను. మా ఫీల్డులో దీన్ని వర్క్ అరౌండ్ అంటారు. టెంపరరీ అని పెడతాం, పదేళ్లు అలాగే ఉంటుంది.

కొన్ని నెలలకి అసలు నొప్పి మొదలైంది. ఊరికి ఫోన్ చేస్తే అమ్మ లవంగం పెట్టుకోమంది. పెట్టుకున్నాను. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ల తెచ్చుకున్నాను. మొదట రోజుకి ఒకటి, తర్వాత రెండు. డాక్టర్ దగ్గరికి వెళ్దాం అనుకుంటూనే, ఈ స్ప్రింట్ అయిపోనీ, ఈ రిలీజ్ అయిపోనీ అని వాయిదా. నిజం చెప్పాలంటే టైమ్ లేక కాదు. డాక్టర్ లోపల ఏం చూస్తారో అని భయం.

తర్వాత ఒక ఉదయం లేచేసరికి నొప్పి లేదు. చల్లటి నీళ్లు తాగి చూశాను, ఏమీ లేదు. "థాంక్యూ లార్డ్, స్వస్థపరిచావు" అన్నాను. నవ్వకండి, నిజంగానే అన్నాను. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్దామా అని కూడా అనుకున్నాను. చెప్పలేదు, అదే నయం.

ఎందుకంటే అయిదారు వారాల తర్వాత కుడి చెంప నిమ్మకాయంత వాచింది. జ్వరం. నోరు సగమే తెరుచుకుంటోంది. ఇక తప్పక డెంటల్ క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్ మేడమ్ ఎక్స్‌రే తీసి, స్క్రీన్ నా వైపు తిప్పి, పన్ను వేరు చివర ఒక నల్లటి మచ్చ చూపించారు. "ఇది చీము. మధ్యలో కొన్నాళ్లు నొప్పి పూర్తిగా తగ్గిందా?" అని అడిగారు. అవును మేడమ్, దానంతటదే తగ్గిపోయింది అన్నాను. ఆవిడ చాలా మామూలుగా చెప్పారు: "తగ్గలేదు బాబూ. లోపల నరం చచ్చిపోయింది. నొప్పి చెప్పేదే పోయింది, ఇంకెవరు చెప్తారు?"

ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో చెప్పేముందు, పన్ను లోపల ఏం జరుగుతుందో రెండు నిమిషాలు చూద్దాం. పన్ను పైన ఉండే తెల్లటి పొరని ఎనామెల్ అంటారు. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే, ఎముక కన్నా గట్టిది. కానీ దానికి నరాలుండవు. మనం తిన్న తీపిని నోట్లోని బ్యాక్టీరియా తిని ఆమ్లం తయారు చేస్తుంది. ఆ ఆమ్లం ఎనామెల్‌ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అంటే పన్ను పుచ్చడం మొదలైనప్పుడు నొప్పే ఉండదు. దాని కింద డెంటిన్ అనే పొర, అక్కడికి చేరితే జివ్వుమంటుంది. ఇంకా లోపల పల్ప్, అంటే నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం. బ్యాక్టీరియా అక్కడికి చేరితే రాత్రి రెండు గంటల నొప్పి. అప్పటికీ ఏమీ చెయ్యకపోతే పల్ప్ చచ్చిపోతుంది. నొప్పి ఆగుతుంది. ఇన్ఫెక్షన్ మాత్రం ఆగదు, వేరు చివరి నుంచి దవడ ఎముకలోకి దిగుతుంది. నొప్పి లేని దశ ఇందులో రెండుసార్లు వస్తుంది. మొదటిది పాడవడం మొదలైనప్పుడు. రెండోది పూర్తిగా పాడైపోయాక. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా ఉంటాయి.

సరే, ఇప్పుడు అసలు విషయం.

అదే రోజుల్లో నేను ఒక క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో ఇరుక్కుని ఉన్నాను. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ బెట్టింగ్‌ని నిషేధించారు. అది నాకు బాగా తెలుసు. తెలిసే, ఫోన్ లొకేషన్ మార్చి ఆడేవాణ్ణి. బీటెక్ చదువు ఇలా ఉపయోగపడింది! మొదటిసారి 200 రూపాయలు పెట్టాను. ఓడిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, డబ్బు గురించి కాదు, తప్పు చేశానని. మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసి, యాప్ డిలీట్ చేశాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వేశాను. అప్పుడూ బాధే, కానీ కొంచెం తక్కువ. మళ్లీ డిలీట్, మళ్లీ ఇన్‌స్టాల్. మూడో నెలకి ఏ బాధా లేదు. పాస్టర్ గారు ప్రసంగం చెప్తుంటే, బైబిల్ యాప్ తెరిచినట్టు నటిస్తూ సాయంత్రం మ్యాచ్‌కి డబ్బు పెట్టాను. చెయ్యి కూడా వణకలేదు.

ఆ దశలో నాకేమనిపించిందో తెలుసా? దేవుడు దీన్ని అంత పెద్దగా పట్టించుకోవట్లేదేమో అని. మొదట్లో గద్దించాడు, ఇప్పుడు ఊరుకున్నాడు, అంటే పర్లేదేమో అని. మొత్తం లెక్క 2,40,000 రూపాయలు దాటింది. అందులో మా చెల్లి నర్సింగ్ కోర్సు ఫీజు కోసం నేను దాచిన డబ్బు కూడా ఉంది. ఇంట్లో మాత్రం "ఈ ఏడు హైక్ ఇవ్వలేదు నాన్నా" అని చెప్పాను. నాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. "పర్లేదురా, ఉద్యోగం ఉంది కదా, నేను ఎక్కడైనా సర్దుతాను" అన్నారు. ఆ మాటకి కూడా నాకు నొప్పి తెలియలేదు ఫ్రెండ్స్. అది గుర్తొస్తే ఇప్పుడు భయం వేస్తుంది.

డెంటల్ కుర్చీలో మేడమ్ ఆ మాట అన్నప్పుడు నాకు పన్ను గుర్తు రాలేదు. మొదటి 200 రూపాయల రాత్రి గుర్తొచ్చింది. ఆ రాత్రి ఏడ్చినవాడు ఎక్కడికి పోయాడు?

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో, నాలుగో అధ్యాయంలో, వాత పెట్టినట్టయిన మనస్సాక్షి గురించి రాస్తాడు. వాత అంటే మన ఊళ్లలో తెలియనిది కాదు. కాల్చిన ఇనుముతో చర్మం మీద గుర్తు వేస్తే, లోతుగా కాలిన ఆ చోట తర్వాత స్పర్శ ఉండదు. గిల్లినా తెలియదు. కాబట్టి "నాకేం గిల్టీగా అనిపించట్లేదు బ్రదర్, అంటే దేవునితో నేను ఓకేనే కదా" అని మెసేజ్ పెట్టేవాళ్లకి నేను ఒకటే అడుగుతాను: మొదటిసారి కూడా ఇలాగే అనిపించిందా?

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పాపం వల్ల జబ్బు వస్తుందని నేను చెప్పట్లేదు. నా పన్ను పుచ్చింది బెట్టింగ్ వల్ల కాదు, బ్రష్ చెయ్యకపోవడం వల్ల. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. యేసు ఆ లెక్కనే కొట్టిపారేశాడు. యోబు స్నేహితులు కూడా అదే లెక్క వేసి చివరికి దేవుని చేత చివాట్లు తిన్నారు. అందుకే క్యాన్సర్ వచ్చినవాళ్ల దగ్గరికి, పిల్లలు లేనివాళ్ల దగ్గరికి, డిప్రెషన్‌లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి "ఏదో దాచిన పాపం ఉంది, ఒప్పుకో" అనే ప్రార్థన పరులంటే నాకు కోపం. దయచేసి అలా చెయ్యొద్దు. ఒంటిని చూసి మనసు గురించి నేర్చుకోవచ్చు, ఒంటిని చూసి మనిషికి తీర్పు తీర్చకూడదు.

నొప్పి బిళ్ల దగ్గరికి వద్దాం. నొప్పి బిళ్ల తప్పు కాదు, క్లినిక్‌కి వెళ్లేదాకా అది కావాలి. కానీ క్లినిక్‌కి బదులు అది వాడితే? యిర్మీయా ఆరో అధ్యాయంలో తన కాలపు యాజకుల మీద పెట్టిన కంప్లయింట్ ఇదే. జనం గాయాన్ని పైపైన మాన్పి, అంతా బాగుంది బాగుంది అంటున్నారు, లోపల ఏమీ బాగాలేదు అని. నా నొప్పి బిళ్లలు ఏంటో తెలుసా? ఆదివారం ఆరాధన. గెలిచిన రోజు కానుక పెట్టెలో 500 రూపాయలు. యూత్ మీటింగ్‌కి కుర్చీలు వెయ్యడం. అన్నీ మంచి పనులే. కానీ అవి చేసిన ప్రతిసారీ నాకు రెండు మూడు రోజులు హాయిగా ఉండేది, అసలు పని వాయిదా పడేది. అన్నట్టు ఈ షో చూడటం కూడా కొందరికి నొప్పి బిళ్లే కావచ్చు. చూసి, "అబ్బ, ఎంత బాగా చెప్పాడు" అని కామెంట్ పెట్టి, మళ్లీ అదే యాప్ తెరవడం.

వాచిన ఆ రోజే మేడమ్ పన్ను తెరిచి చీముకి దారి ఇచ్చి, అయిదు రోజులు యాంటీబయాటిక్ రాశారు. రూట్ కెనాల్ వచ్చే వారం అన్నారు. ఆ రాత్రి హాస్టల్లో సమూయేలు రెండో గ్రంథం 11, 12 అధ్యాయాలు చదివాను. దావీదు కథ అందరికీ తెలిసిందే. బత్షెబ, ఊరియా, ఆ ఉత్తరం. నేను అంతకుముందు గమనించనిది ఒకటుంది. నాతాను ప్రవక్త వచ్చేసరికి బిడ్డ కూడా పుట్టేశాడు. అంటే కొన్ని నెలలు గడిచాయి. ఆ నెలలన్నీ దావీదు సింహాసనం మీద కూర్చుని రాజ్యం నడిపించాడు, పైకి ఏమీ తేడా లేదు. నాతాను గొర్రెపిల్ల కథ చెప్తే, ఆ కథలోని ధనవంతుడి మీద మండిపడతాడు! పక్కవాడి పాపం మీద నరం బతికే ఉంది, సొంత పాపం దగ్గరే మొద్దుబారింది. నేనూ అంతే, ఆఫీసులో తప్పుడు బిల్లు పెట్టినవాడి మీద గంటసేపు మాట్లాడేవాణ్ణి.

లోపల మాత్రం ఏమవుతోందో దావీదే 32వ కీర్తనలో రాశాడు. నోరు విప్పకుండా దాచినన్నాళ్లు ఎముకల్లో సత్తువ పోయిందని, ఎండాకాలంలో చెరువు ఎండినట్టు తన ఒంట్లో జీవం ఎండిందని దాని భావం. దాచినన్నాళ్లు. ఒప్పుకున్నాక అదే కీర్తనలో క్షమాపణ, విడుదల, పాట.

రూట్ కెనాల్ రోజు గురించి చెప్పనా? అందరూ భయపెట్టినంత లేదు. ముందు మత్తు ఇంజెక్షన్, ఆ ఒక్క పోటే నొప్పి. తర్వాత పైన రంధ్రం చేసి, వెంట్రుకలంత సన్నటి ఫైల్స్ పెట్టి వేళ్ల లోపల చచ్చిపోయిన భాగమంతా తీస్తారు. బట్టలకి వాడే బ్లీచ్ లాంటి ద్రావణంతో కడుగుతారు, మళ్లీ తీస్తారు, మళ్లీ కడుగుతారు. చివరికి ఆ ఖాళీని గట్టా పర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో నింపి మూసేస్తారు. ఆ పని నేను చేసుకోగలిగేది కాదు. అద్దం ముందు నిలబడి, ఎంత పట్టుదలగా ఉన్నా, నా పన్ను నేను బాగు చేసుకోలేను. నేను చెయ్యాల్సింది నోరు తెరవడం. నాకు అన్నిటికన్నా కష్టమైందీ అదే. లేవి ఇంట్లో భోజనం దగ్గర పరిసయ్యులు సణిగినప్పుడు యేసు ఏమన్నాడో మీకు తెలుసు, వైద్యుడు ఎవరికి కావాలన్న మాట. మేడమ్ నన్ను ఒక్కసారి కూడా "ఇంత పాడయ్యేదాకా ఏం చేస్తున్నావ్" అని తిట్టలేదు. "వచ్చావు కదా, మంచిదైంది" అన్నారు. దేవుని దగ్గరికి వెళ్తే ముందు నాలుగు చివాట్లు పడతాయని నేను ఎందుకు అనుకున్నానో నాకే తెలియదు.

ఆ శనివారం బస్సెక్కి ఊరు వెళ్లాను. రాత్రి భోజనాలయ్యాక నాన్నకి మొత్తం చెప్పాను. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఫోన్‌లో తెరిచి చేతికిచ్చాను, అదే నా ఎక్స్‌రే. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. వేలితో కిందికి జరుపుతూ ఒక్కో లైను చూశారు. తర్వాత "చెల్లికి నువ్వే చెప్పాలి" అన్నారు. అంతే. చెల్లికి చెప్పడం ఇంకా కష్టమైంది. అది వారం పాటు నాతో మాట్లాడలేదు. ఫీజుకి నాన్న అప్పు తెచ్చారు, నేను నెలనెలా తీర్చాను. దేవుడు క్షమించాడంటే ఈఎంఐ మాఫీ అయిందని కాదు కదా.

యాంటీబయాటిక్ సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండో రోజుకే వాపు తగ్గితే నేను బిళ్లలు ఆపేశాను. మేడమ్‌కి తెలిసి, కోర్సు ఎన్ని రోజులో చెప్పాల్సింది డాక్టర్, నీ చెంప కాదు అన్నారు. బెట్టింగ్ విషయంలోనూ అదే చేశాను. నాన్నకి చెప్పాక గుండె తేలికైంది, ఇక అయిపోయింది అనుకున్నాను. యాప్ తీసేశాను కానీ ఆ మెసేజ్‌లు వచ్చే గ్రూపులోంచి బయటికి రాలేదు. నెల తిరక్కుండా ఒక రాత్రి 500 రూపాయలు పెట్టాను. గెలిచాను కూడా, అది ఇంకా ఘోరం. కానీ ఈసారి నిద్ర పట్టలేదు. చాలా రోజుల తర్వాత నొప్పి తెలిసింది. రాత్రి పన్నెండున్నరకి నాన్నకి ఫోన్ చేశాను.

రూట్ కెనాల్ చేసిన పన్నుకి క్యాప్ వేయించుకోమని చెప్తారు. చాలామంది నొప్పి లేదు కదా, మళ్లీ ఇన్ని వేలు ఎందుకు అని మానేస్తారు. కానీ పుచ్చింది తీసి, లోపల తవ్వాక మిగిలిన పన్ను బలహీనంగా ఉంటుంది, ఏదైనా గట్టిది కొరికితే చీలిపోతుంది. మత్తయి 12లో యేసు ఖాళీ ఇంటి గురించి చెప్పాడు. ఊడ్చి, సర్ది, ఖాళీగా వదిలిన ఇంటికి, వెళ్లిపోయిన అపవిత్రాత్మ ఇంకా ఏడుగురిని వెంటేసుకుని తిరిగొస్తుంది. నా క్యాప్ ఏంటంటే, జీతం పడే అకౌంట్ నాన్నకి కనిపించేలా పెట్టడం, యూపీఐ రోజువారీ లిమిట్ తగ్గించడం, ఆ గ్రూపుల్లోంచి బయటికి రావడం, మ్యాచ్ ఉన్న రాత్రుళ్లు గదిలో ఒక్కణ్ణే ఉండకపోవడం. ఇవేవీ పెద్ద ఆత్మీయమైన పనుల్లా కనిపించవు. పర్లేదు, క్యాప్ కూడా అందంగా ఏమీ ఉండదు.

ఇంకొక్క మాట, మా అమ్మ గురించి. అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్. పోయిన గుడ్ ఫ్రైడే ఆరాధన మూడు గంటలు. ఇంటికొచ్చాక గచ్చు మీద రక్తపు మరకలు కనిపించాయి. ఎవరిదో తెలియలేదు. చూస్తే అమ్మ చెప్పులో చిన్న మేకు పైకి తేలి ఉంది. పొద్దుటి నుంచి దాని మీదే నడిచింది, తెలియలేదు. షుగర్ ఎక్కువ కాలం ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది.

దీని గురించి చదువుతుంటే డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు దొరికింది. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ తల్లిదండ్రులకి పుట్టాడు. 1946 నుంచి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశాడు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే కుళ్లిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. కాదు, నొప్పి తెలియక వాళ్లే కాల్చుకుంటున్నారు, కోసుకుంటున్నారు, దెబ్బ తగిలిన చేత్తోనే పని చేస్తున్నారు, అందుకే పోతున్నాయి అని ఆయన చూపించాడు. తర్వాత అమెరికాలో ఉన్నప్పుడు ఆయన బృందం కృత్రిమ నొప్పి తయారు చెయ్యాలని చూసింది. ఒత్తిడి ఎక్కువైతే శబ్దం వచ్చేలా సెన్సర్లు పెట్టారు. శబ్దాన్ని జనం పట్టించుకోలేదు. షాక్ కొట్టేలా చేశారు. అప్పుడేం చేశారంటే, చెయ్యకూడని పని చెయ్యాలనిపించినప్పుడు స్విచ్ ఆపేసి, పని ముగించుకుని, మళ్లీ ఆన్ చేసుకునేవాళ్లు! ప్రొడక్షన్‌లో అలర్ట్ మ్యూట్ చేసిన ప్రతి ఇంజనీరుకీ ఇది అర్థమవుతుంది. చివరికి ఆ ప్రాజెక్టు వదిలేశారు.

అమ్మకి డాక్టర్ చెప్పింది సింపుల్. స్పర్శ లేదు కాబట్టి కళ్లతో చూడాలి, రోజూ. అరికాలు తనకి కనిపించదు కాబట్టి అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంకొకరు చూడాలి. హెబ్రీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం చదవండి, పాపం మోసం చేసి మనల్ని బండబార్చకుండా ఒకరినొకరు హెచ్చరించుకోవాలని ఉంటుంది. ఎప్పుడెప్పుడు అంటే, ప్రతి రోజూ.

ఈ ఎపిసోడ్ చూస్తూ, అప్పుల్లో, లోన్ యాప్‌ల వేధింపుల్లో ఇరుక్కుని, చచ్చిపోదామనే ఆలోచన దాకా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, తమ్ముడూ, చెల్లీ, ఈ రాత్రే ఒక మనిషికి చెప్పండి. టెలి మానస్ నంబర్ 14416, ప్రభుత్వానిదే, ఉచితం, ఏ టైమ్‌లోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చెయ్యడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి రాత్రీ పడుకునే ముందు అమ్మ మంచం మీద కాళ్లు చాపుతుంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ టార్చ్ వేసి, రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూస్తారు. "ఏమీ లేదులే, పడుకో" అంటారు. ఆదివారం రాత్రి మాత్రం ఆ పని అయ్యాక నాకు ఫోన్ చేస్తారు. అదే గొంతుతో, "ఏరా, ఈ వారం ఏంటి సంగతి?" అని అడుగుతారు. మూడేళ్లుగా ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.